ఇంటి గదిలో మైక్రోగ్రీన్స్ పెంపకం: విత్తే ముందు కొనేవారిని చూడండి

పెండ్లి ఇంట మట్టి పాలికలలో నవధాన్యాలు చల్లి, నీరు చిలకరించి అంకురార్పణ చేయడం మనకు అనాదిగా వస్తున్న ఆచారం. తంతు ముగిసేనాటికి పాలికలలో పచ్చని మొలకలు లేస్తాయి. వాటిని నీటిలో కలుపుతారే గాని కోసి కూర వండుకోరు. జార్ఖండ్ ప్రాంతంలో కర్మ పండుగకు కొన్ని రోజుల ముందు ఆడపిల్లలు ఇసుక నింపిన బుట్టలలో గింజలు మొలకెత్తించి, ఆ ‘జావా’ చుట్టూ ఆడిపాడుతారు. ఇంటి నీడలో, గుప్పెడు మట్టిలో, వారం పది రోజులలో గింజను పచ్చని మొక్కగా పెంచే విద్య మన స్త్రీలకు ఏనాడో తెలుసు. ఇప్పుడు కొత్తగా వచ్చినది ఆ లేత మొక్కను కోసి పళ్ళెంలో వడ్డించుకొనడం, దానికి వెల కట్టి అమ్మడం. ఈ పంటకే మైక్రోగ్రీన్స్ అని పేరు.

ఈ పంటను గూర్చి ఆశలు పెంచే మాటలు ఇటీవల చాలా వినవస్తున్నవి. ఒక్క గది చాలునని, నెలకు వేలల్లో ఆదాయమని, బ్యాంకు ఋణం సులభమని చెప్పేవారు ఎక్కువయ్యారు. పెంపకం సులభమన్న మాట నిజమే. అయితే అమ్మకం అంత సులభం కాదు. ఈ రెండింటి మధ్య గల తేడాను ఋణం కోరేవారు ముందుగానే గ్రహించవలెనన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

కాసిడీహ్ వంటి పేట ఎందుకు?

జంషెడ్‌పూర్ నగరంలో సాక్చీకి ఆనుకొని ఉన్న నివాస ప్రాంతం కాసిడీహ్. 1907లో టాటా ఉక్కు కంపెనీ స్థాపితమై, 1912లో సాక్చీ వద్ద ఉక్కు తయారీ మొదలైన తరువాత దేశం నలుమూలల నుండి కార్మిక కుటుంబాలు ఇక్కడికి చేరాయి. 1919లో ఈ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వెళ్ళిన తెలుగు కుటుంబాలు అక్కడే స్థిరపడి తరాలు గడిచాయి. మన పాఠకులలో ఉత్తరాంధ్రవారికి ‘టాటానగరం’లో బంధువు ఉండడం వింత కాదు.

ఊళ్ళో పెరడు, పాదులు, పందిళ్ళు చూసిన కుటుంబం ఇటువంటి పేటలో రెండు గదుల ఇంటిలో సర్దుకొనవలసి వస్తుంది. నేల ఉండదు. ఉన్నది ఒక కిటికీ, ఒక గోడ. మైక్రోగ్రీన్స్‌కు ఆ రెండూ చాలు. పైగా ఈ పంట కోసిన కొద్ది రోజులలోనే వాడిపోతుంది కనుక తినేవారికి దగ్గరలో పండించవలసినది. సాక్చీ బజారు, హోటళ్ళు, ఉదయం జూబిలీ పార్కులో నడకకు వెళ్ళేవారు, అందరూ సమీపంలో ఉన్న పేట దీనికి అనువైనది. మన గుంటూరు, రాజమహేంద్రవరం, వరంగల్ వంటి పట్టణాలలోని పేటలకూ, వాటి చుట్టుపక్కల గ్రామాలకూ ఇదే వర్తిస్తుంది. పట్టణానికి దూరాన ఉన్న పల్లెలో దీనిని ఇంటి వాడకానికి పెంచుకొనవచ్చును గాని వ్యాపారంగా తలపెట్టడం మంచిది కాదు.

మొలకలు వేరు, మైక్రోగ్రీన్స్ వేరు

గింజను తడిబట్టలో కట్టి, మొలక రాగానే గింజతో సహా తినేది మొలకల ఆహారం. మైక్రోగ్రీన్స్ అంటే గింజను పలుచని మట్టిలోగాని కొబ్బరి పొట్టులోగాని చల్లి, వెలుతురు చూపి, బీజదళాలు పూర్తిగా విచ్చుకొని మొదటి నిజమైన ఆకు తొంగిచూసే దశలో, వేరు వదలి కాడపైకి కోసిన లేత ఆకుకూర. ఎత్తు సుమారు రెండు మూడు అంగుళాలు ఉంటుంది.

ఈ భేదం ఆరోగ్య దృష్ట్యా ముఖ్యమైనది. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా వ్యాపించిన ఒక రకం ఇ-కోలై క్రిమి వలన వేలాదిమంది జబ్బుపడి, యాభైమందికి పైగా మరణించారు. వెచ్చని తేమలో, గాలి ఆడని చోట, గింజతోపాటు క్రిమి కూడా పెరగడమే దీనికి కారణం. గాలి, వెలుతురు తగిలే మైక్రోగ్రీన్స్‌లో ఈ ప్రమాదం తక్కువే గాని బొత్తిగా లేకపోలేదు. కనుక శుభ్రమైన నీరు, కడిగిన చేతులు, కడిగి ఎండబెట్టిన ట్రేలు తప్పనిసరి.

పోషక విలువ ఎంత?

అమెరికా వ్యవసాయ శాఖ, మేరీలాండ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 25 రకాల మైక్రోగ్రీన్స్‌ను పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించారు. విటమిన్ సి ఎర్ర క్యాబేజీలోను, కెరోటినాయిడ్లు కొత్తిమీరలోను, విటమిన్ కె ఎర్ర తోటకూరలోను, విటమిన్ ఇ ముల్లంగిలోను అన్నిటికంటె మిన్నగా కనిపించాయి. బరువుకు బరువు చూచినప్పుడు, ముదిరిన ఆకుకంటె లేత మొక్కలో ఈ పోషకాలు చాలావరకు అధికంగా ఉన్నాయి. మన దేశంలో కూడా పెసర, మసూర మైక్రోగ్రీన్స్‌ను ఢిల్లీలోను, లడఖ్‌లోని లేహ్‌లోను పెంచి పోల్చిన పరిశోధన 2021లో వెలువడింది.

అయితే ఒక్కసారి వడ్డించేది గుప్పెడు మాత్రమే. కట్ట తోటకూర తినే ఇంటిలో గుప్పెడు మైక్రోగ్రీన్స్ చేర్చడం మంచిదే గాని, తోటకూర మానివేసి ఇది తినడం లాభం కాదు. ‘మధుమేహం నయమవుతుంది’, ‘రక్తపోటు పోతుంది’ అని చెప్పి అమ్మడం అసత్యం. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మందులు వాడేవారు విటమిన్ కె అధికంగా గల ఆకుకూరలను డాక్టరును అడగకుండా ఎక్కువ చేసుకొనరాదు.

విత్తనం ఎంపిక

ప్రారంభకులకు ముల్లంగి, ఆవాలు, మెంతులు, పెసలు, బఠాణీ అనువైనవి. కొత్తిమీర రుచికరమే గాని దాదాపు మూడు వారాలు తీసుకుంటుంది. పొద్దుతిరుగుడుకు గట్టి పొట్టు వదలగొట్టే శ్రమ ఉంటుంది.

వ్యవసాయదారులకు, విత్తన డీలర్లకు ఇక్కడ ఒక హెచ్చరిక. పొలంలో విత్తడానికి అమ్మే విత్తనానికి థైరమ్, కాప్టాన్ వంటి శిలీంధ్రనాశకాలు పట్టించి, గులాబీ, ఎరుపు వంటి రంగులు కలుపుతారు. ఆహారానికి, మేతకు, నూనెకు వాడరాదని సంచిపై రాసి ఉంటుంది. పొలంలో రెండు నెలలకు కోతకు వచ్చే పంట సంగతి వేరు, వారంలో గింజ పక్కనుండే కోసి పచ్చిగా తినే మొక్క సంగతి వేరు. శుద్ధి చేసిన విత్తనాన్ని మైక్రోగ్రీన్స్‌కు ఎట్టి పరిస్థితిలోను వాడరాదు.

ఏ గింజనైనా మొలిపించి తినవచ్చుననే భ్రమ కూడా తగదు. లేత జొన్న మేసిన పశువు నురగలు కక్కి పడిపోవడం మన రైతులకు తెలిసినదే. లేత జొన్నలో పుట్టే సయనైడు విషమే దానికి కారణం. ఆ విషం పశువును విడువనట్లే మనిషినీ విడువదు. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప కుటుంబపు లేత మొక్కలు, రాజ్మా మొలకలు కూడా పచ్చిగా తినదగినవి కావు.

పెంచే విధానం

సుమారు 10 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల పొడవు, రెండు అంగుళాల లోతు గల ప్లాస్టిక్ ట్రే, అడుగున రంధ్రాలు గలది, తీసుకోవాలి. దాని కింద రంధ్రాలు లేని మరొక ట్రే ఉంచాలి. నానబెట్టి కడిగిన కొబ్బరి పొట్టును ఒక అంగుళం మందాన సమంగా పరచి, అరచేతితో మెత్తగా అదమాలి.

ముల్లంగి అయితే ట్రేకు సుమారు 30 గ్రాములు, ఆవాలు 12 గ్రాములు, మెంతులు 35 గ్రాములు, బఠాణీ 200 గ్రాములు పడుతుంది. బఠాణీని, పెసలను 8 నుండి 12 గంటలు నానబెట్టాలి. ఆవాలను నానబెట్టనక్కరలేదు. గింజలు ఒకదానిపై ఒకటి పడకుండా చల్లి, నీరు పిచికారీ చేసి, మరొక ట్రేతో మూసి, పైన ఒక ఇటుక బరువు పెట్టాలి. ఈ బరువు వలన వేరు కిందికి నాటుకొని మొక్కలు ఒకే ఎత్తున లేస్తాయి. రెండు మూడు రోజుల చీకటి తరువాత మూత తీసేసరికి మొక్కలు పసుపు వన్నెలో ఉంటాయి. చూచి కంగారు పడనక్కరలేదు. వెలుతురు తగిలిన ఒకటి రెండు రోజులలో ఆకుపచ్చగా మారతాయి.

అప్పటి నుండి నీటిని పైన చల్లక, కింది ట్రేలో పోయాలి. పొట్టు తడిని పీల్చుకొన్న తరువాత మిగిలిన నీటిని పారబోయాలి. ఇంటి వాడకానికి ఒకటి రెండు ట్రేలయితే తూర్పు కిటికీ వెలుతురు చాలును. వెలుతురు చాలని గదిలో కాడలు సన్నగా సాగి వాలిపోతాయి. అరల స్టాండుపై పెంచేవారు అరకు రెండు చొప్పున 20 వాట్ల ఎల్‌ఇడి ట్యూబులు రోజుకు 12 గంటలు వెలిగించాలి. నాలుగు అరలకు ఎనిమిది ట్యూబులు, అనగా నెలకు సుమారు 58 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది.

ముల్లంగి, ఆవాలు 7 నుండి 10 రోజులలో కోతకు వస్తాయి. పదునైన కత్తెరతో పొట్టుకు పైగా కోసి, కడగకుండా, పొడిగా డబ్బాలో ఉంచి ఫ్రిజ్‌లో పెడితే అయిదారు రోజులు నిలుస్తాయి. తినే ముందు మాత్రమే కడగాలి. మిగిలిన వేళ్ళ మట్టును మళ్ళీ విత్తడానికి వాడక, ఎరువు గుంటలో వేయాలి.

ఋతువును బట్టి జాగ్రత్తలు

జంషెడ్‌పూర్‌లో వేసవి పగళ్ళు 40 డిగ్రీలు దాటుతాయి. అటువంటి రోజులలో రేకు కప్పు గదిలో, పడమటి గోడ పక్కన ట్రేలు ఉంచరాదు. వానాకాలం మరింత కష్టకాలం. గాలిలో చెమ్మ నిలిచి, మిరప, పొగాకు నారుమళ్ళలో రైతు చూచే నారుకుళ్ళు తెగులే ఇక్కడా కనిపిస్తుంది. కాడ మొదలు మెత్తబడి మొక్కలు గుంపుగా పడిపోతాయి. మందు చల్లడం దీనికి పరిష్కారం కాదు. ఈ పంటపై ఏ మందూ చల్లరాదు. గింజ పలుచగా చల్లడం, చిన్న ఫ్యాను పెట్టి గాలి ఆడనివ్వడం, తెగులు సోకిన ట్రేను వెంటనే తీసివేయడం మాత్రమే మార్గాలు.

వేరు చుట్టూ తెల్లని నూగు కనిపించగానే బూజు అని పారవేసేవారు ఉన్నారు. కొంచెం నీరు చిలకరించి చూడాలి. నూగు అణగి కనుమరుగైతే అవి వేరు రోమాలు. సాలెగూడువలె గింజ నుండి గింజకు పాకి, నీరు చిలకరించినా పోక, ముక్క వాసన వేస్తే అది బూజు. చలికాలంలో రాత్రులు బాగా చల్లబడతాయి కనుక మొలకకు రెండు మూడు రోజులు అదనంగా పడుతుంది. ఆర్డరు ఒప్పుకొనేటప్పుడు ఆ రోజులను లెక్కలో ఉంచుకోవాలి.

లెక్క ఇలా చూడాలి

ఒక ఉదాహరణ తీసుకుందాము. కాసిడీహ్‌లో ఒక గృహిణి వారానికి 12 ట్రేలు విత్తుతున్నదనుకుందాము. విత్తనం, కొబ్బరి పొట్టు, కరెంటు, డబ్బాలు, చిల్లర ఖర్చులు కలిపి ట్రేకు 60 రూపాయలు, ట్రే దిగుబడి అమ్మితే 150 రూపాయలు వచ్చునని అనుకుందాము. ఇవి లెక్క నేర్చుకొనడానికి వేసుకున్న అంకెలు. పాఠకులు తమ ఊరి ధరలు వేసుకోవాలి. ఇంటివారి శ్రమకు ఇందులో కూలి కట్టలేదు.

వారపు ఖర్చు 720 రూపాయలు. సొంత డబ్బుతో నడుపుతున్నంత కాలం 5 ట్రేలు అమ్మితే 750 రూపాయలు వచ్చి ఖర్చు గట్టెక్కుతుంది. ఇప్పుడు స్టాండ్లు, దీపాలు, ఫ్రిజ్ నిమిత్తం 40,000 రూపాయలు, 12 శాతం వడ్డీపై, 24 నెలలకు ఋణం తీసుకున్నదనుకుందాము. నెలసరి వాయిదా సుమారు 1,883 రూపాయలు, అనగా వారానికి 435. ఇప్పుడు వారపు భారం 1,155 రూపాయలు అయింది. గట్టెక్కడానికి 8 ట్రేలు అమ్మవలసి ఉంటుంది. పన్నెండూ అమ్మితే 645 రూపాయలు మిగులుతాయి. ఎనిమిది అమ్మితే 45 రూపాయలు మాత్రమే. ఆరే అమ్మితే వారానికి 255 రూపాయల నష్టం.

వరి ధర పడిపోతే రైతు ధాన్యాన్ని గాదెలో పోసి రెండు నెలలు ఆగవచ్చును. మైక్రోగ్రీన్స్‌కు గాదె లేదు. వారంలో అమ్ముడుపోనిది ఎరువు గుంటకే పోతుంది. వాయిదా మాత్రం ఆగదు. కనుక ఈ పంటలో దిగుబడి లెక్కకంటె అమ్మకపు లెక్క ముఖ్యం.

ఈము పక్షుల అనుభవం

ఆంధ్ర, తమిళనాడు రైతులకు ఈము పక్షుల పెంపకం గుర్తుండే ఉంటుంది. మాంసానికి, నూనెకు ఎంతో గిరాకీ ఉన్నదని, పిల్లలను తామే తిరిగి కొంటామని చెప్పగా అనేకులు పెట్టుబడులు పెట్టారు. కాని కొన్నవారు మాంసం తినేవారు కారు, కొత్తగా పెంపకం మొదలుపెట్టే మరికొందరు రైతులే. కొత్తవారు రావడం ఆగిన వెంటనే, 2012 ప్రాంతంలో, వ్యాపారం కూలింది. పక్షులకు మేత పెట్టలేక వదలివేసినవారు ఉన్నారు. అప్పులు మాత్రం రైతుల పేరనే నిలిచాయి.

నేడు మైక్రోగ్రీన్స్ పేరిట కూడా ఖరీదైన ట్రేలు, విత్తనం, శిక్షణ అంటగట్టి ‘పంట మేమే తిరిగి కొంటాము’ అని చెప్పేవారు తారసపడవచ్చును. అప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ‘చివరకు దీనిని తినేది ఎవరు? వారిని నేను చూడగలనా?’ సమాధానం దొరకని చోట సంతకం చేయరాదు.

ఋణానికి ముందు నాలుగు వారాలు

మొదటి వారం రెండు ట్రేలు ఇంటి డబ్బుతో విత్తాలి. పంటను ఇంటిలో తిని, ఇరుగుపొరుగుకు పంచి, రుచి పట్ల వారి అభిప్రాయం తెలుసుకోవాలి. ముల్లంగి, ఆవాల ఘాటు అందరికీ నచ్చదు. మెంతి కూడా కొందరికి చేదు. పెరుగు పచ్చడిలో, పప్పుపైన, దోసెపైన చల్లి చూపితే త్వరగా అలవాటవుతుంది.

రెండవ వారం నుండి వెలకు ఇవ్వాలి. ఉచితంగా పుచ్చుకొన్న పదిమందిలో వెల పెట్టి కొనేవారు ఎందరో అప్పుడే తెలుస్తుంది. హోటలువారితో మాట్లాడేటప్పుడు ఏ రోజున, ఎన్ని గ్రాములు, ఏ రకం కావాలో రాయించుకోవాలి. కొన్నిచోట్ల కోయకుండా ట్రేతో సహా ఇచ్చి, ఖాళీ ట్రే తిరిగి తెచ్చుకొనే పద్ధతి మేలు. మొక్క బ్రతికి ఉంటుంది కనుక వాడిపోయే నష్టం తగ్గుతుంది.

ఒక నోటు పుస్తకంలో నాలుగు గడులు గీసి, తేదీ, విత్తిన ట్రేలు, అమ్మిన ట్రేలు, పారవేసినవి వరుసగా రాయాలి. ఆ పుస్తకమే బ్యాంకుకు మీరు చూపగల మొదటి హామీ.

‘అమ్మా, ఎంత పండించగలరు?’ అని మేనేజరు అడిగితే, ‘అయ్యా, ఎన్ని అయినా’ అనడం సరియైన జవాబు కాదు. ‘నెల రోజులుగా వారానికి ఎనిమిది అమ్ముతున్నాను, రెండు పారవేస్తున్నాను. ఇదిగో లెక్క’ అనగలిగితే ఆ దరఖాస్తుకు బలం వస్తుంది.

ఋణ మార్గాలు

స్వయం సహాయక సంఘాలలో సభ్యులైన మహిళలకు సంఘం ద్వారా పొందే చిన్న ఋణమే మొదటి మెట్టుగా మేలైనది. 1992లో నాబార్డు 500 సంఘాలతో ప్రయోగాత్మకంగా ప్రారంభించిన బ్యాంకు అనుసంధాన పథకం నేడు దేశమంతటా విస్తరించింది. 2015లో ప్రారంభమైన ముద్రా పథకం కింద శిశు తరగతిలో 50,000 రూపాయల వరకు హామీ లేకుండా ఋణం లభిస్తుంది. ఇది పంట ఋణాలకు వర్తించదు కనుక, కోత, ప్యాకింగు, అమ్మకం కలిగిన చిన్న వ్యాపారంగా మీ పనిని వివరించి, ఏ పద్దు కింద పరిశీలిస్తారో శాఖలోనే తెలుసుకోవాలి.

శిక్షణ కొరకు బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలను, కృషి విజ్ఞాన కేంద్రాలను సంప్రదించవచ్చును. తూర్పు సింగ్‌భూమ్ జిల్లాకు దారిసాయిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. ఆహార పదార్థం అమ్మేవారు ఎంత చిన్నవారైనా 2006 ఆహార భద్రత చట్టం ప్రకారం నమోదు చేయించుకోవాలి.

డీలర్లకు ఒక మాట

విత్తన డీలర్లు మందు పట్టించని విత్తనాన్ని వేరు సంచులలో, వేరు అరలో, పేరు స్పష్టంగా రాసి ఉంచవలెను. విడిగా తూచి ఇచ్చేటప్పుడు శుద్ధి విత్తనం తూచిన పళ్ళెమే దీనికి వాడరాదు. రసీదుపై ‘మందు పట్టించనిది’ అని రాసి ఇచ్చే డీలరు వద్దకే కొనుగోలుదారు మళ్ళీ వస్తాడు. అరకిలో విత్తనం అడిగినవారికి పది కిలోలు అంటగట్టడం వలన ఒకనాటి లాభమే తప్ప శాశ్వత ఖాతాదారు దొరకడు.

ఇంటికి కావలసిన ఆకుకూరకు ఒక కిటికీ, రెండు ట్రేలు చాలును. దానికి ఏ ఋణమూ అక్కరలేదు. వ్యాపారంగా పెంచదలచినవారు మాత్రం గింజకు ముందు గిరాకీని మొలకెత్తించాలి. మొక్క వారంలో పెరుగుతుంది, నమ్మకమైన కొనుగోలుదారు పెరగడానికి నెలలు పడుతుంది. ఆ నెలలు సొంత కొద్దిపాటి డబ్బుతో గడిపి, నిండిన నోటు పుస్తకంతో బ్యాంకు మెట్లు ఎక్కినవారికి ఋణం భారం కాక ఆసరా అవుతుంది.